కత్తి వంకరా, పిడి వంకరా?

విశాఖపట్నం కంచరపాలెంలో మా వీధి చివర సెలూన్ నడిపే కుర్రవాడు ఒక సాయంత్రం పాత క్షవరకత్తి ఒకటి గుడ్డలో చుట్టుకుని మా ఇంటికి వచ్చాడు. దుకాణంలో వాడే కత్తి కాదది. ఇప్పుడు ఏ సెలూన్‌లో చూసినా సగం బ్లేడు విరిచి పెట్టుకునే కత్తులే ఉంటాయి. ఒకరికి వాడిన వాదర, అంటే పదునుండే అంచు, మరొకరి చర్మానికి తగలకూడదు కనుక అదే మంచిది. ఇది పాతకాలపు నిండు కత్తి. అలుగూ (గీసే భాగం), మెడా (పిడిలోకి దూరే భాగం) ఒకే ఉక్కు ముక్క, ముడుచుకోవడానికి గేదె కొమ్ము పిడి. తనకోసం ఇంట్లో వాడుకునే పెద్దాయన ఒకరు బాగుచేయించమని ఇచ్చారట.

"బాబాయ్, మూస్తే అలుగు ఎడమవైపు రాసుకుంటోంది. సీల మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే సరిపోతుందా?" అని అడిగాడు.

"వంకర ఎక్కడుందో ముందు తేలనీ బాబూ. సుత్తి తర్వాత తీద్దాం" అన్నాను.

నాలుగు దెబ్బలతో బాగుపడే కత్తులు లేకపోలేదు. కానీ కారణం తెలియకుండా వేసిన దెబ్బలకు పగిలిన కొమ్ము పిడులను నేను చాలానే చూశాను. మూసినప్పుడు అలుగు మధ్యలో నిలవకపోవడం రోగం కాదు, రోగ లక్షణం. జ్వరం లాంటిది. అది కనిపించేది అలుగు కొన దగ్గర, పుట్టేది మాత్రం నాలుగు చోట్లలో ఎక్కడైనా కావచ్చు. ఒక చోటి తప్పుకు మరో చోట మందు వేస్తే రెండు తప్పులవుతాయి.

ఆ నాలుగు చోట్లు అర్థం కావాలంటే కత్తి కట్టుబడి తెలియాలి. పిడి అంటే ఒక్క ముక్క కాదు, రెండు పలచని రెక్కలు. ముందు భాగంలో ఒక సన్నని సీల ఒక రెక్కలోంచి, కత్తి మెడలోని రంధ్రంలోంచి, రెండో రెక్కలోంచి దూరి, రెండు వైపులా తల కొట్టించుకుని ఉంటుంది. అలుగు దాని చుట్టూనే తిరుగుతుంది. సీల సాధారణంగా ఇత్తడిదో నికెల్ సిల్వర్‌దో, అంగుళంలో పదహారో వంతు మందం, అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు. తలల కింద చిన్న వాషర్లుంటాయి. చాలా కత్తుల్లో మెడకు రెండు పక్కలా లోపల కూడా ఒక్కో వాషరు ఉంటుంది. పిడి వెనక కొనలో రెండు రెక్కల మధ్య ఏటవాలుగా చెక్కిన చిన్న ముక్క ఒకటి ఇరికించి, దాన్నీ సీలతో బిగిస్తారు. కొన్నిటికి నడుమ మూడో సీల కూడా ఉంటుంది. ఇంతే యంత్రం. సీల, రెక్కలు, వెనక ముక్క, అలుగు: తప్పు ఈ నాలుగింటిలోనే ఉంటుంది.

అసలు బాగుచేయాలా వద్దా అన్నది ముందు తేల్చుకోవాలి. మూసిన కత్తిని ట్యూబ్‌లైటుకు ఎదురుగా, వెన్ను మీ వైపుకు ఉండేలా పట్టుకోండి. అలుగుకు రెండు పక్కలా రెండు వెలుగు గీతలు కనిపిస్తాయి. ఒకటి లావుగా, ఒకటి సన్నగా ఉన్నంత మాత్రాన ఏమీ కాదు. చేతితో చేసిన పాత కత్తుల్లో రెండు గీతలూ అచ్చంగా సమానంగా ఉండటం అరుదు, గడ్డం గీసేటప్పుడు దానివల్ల వీసమెత్తు తేడా రాదు. ఒక గీత పూర్తిగా మాయమైతేనే ఆలోచించాలి. అప్పుడు పలచటి కాగితం పట్టీ ఒకటి తీసుకుని, అలుగుకూ రెక్కకూ మధ్య సందులోకి దించి, ముందు నుంచి వెనక్కి లాగండి. ఎక్కడ పట్టేస్తే అక్కడ ఆనుతోందన్నమాట. వెన్ను ఆనితే పిడికి గీత పడుతుంది, అంతే. వాదర ఆనితే మాత్రం మూసిన ప్రతిసారీ అది కొమ్మును గీసుకుంటుంది. గంటసేపు సానరాయి మీద, తోలుపట్టె మీద తెచ్చుకున్న పదును మూసే ఒక్క కదలికలో పోతుంది. బాగుచేయాల్సింది అలాంటి కత్తినే.

నేను ముప్పై ఏళ్లు ఓడల మరమ్మతుల్లో ఫిట్టరుగా పనిచేశాను. ఇంజనునూ ప్రొపెల్లర్ షాఫ్టునూ కలిపే కప్లింగ్ దగ్గర మేం చూసే తేడాలు రెండు. ఒకటి జరగడం, రెండోది వాలడం. షాఫ్టు పక్కకు అర మిల్లీమీటరు జరిగితే ఎంత దూరం వెళ్లినా ఆ తేడా అర మిల్లీమీటరే. వాలితే అలా కాదు, దూరం పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. క్షవరకత్తి విషయంలోనూ అసలు శత్రువు ఈ వాలే.

లెక్క చూడండి. పిడి మందం సీల దగ్గర 8 మిల్లీమీటర్లు అనుకుందాం. రెండు రెక్కల్లోని రంధ్రాలు పిడి పొడవు దిశలో ఒకదానికొకటి 0.1 మిల్లీమీటరు తప్పాయి. 0.1 అంటే మామూలు తెల్లకాగితం మందం. అలుగు కొన సీల నుంచి 120 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, అక్కడ తేడా 1.5 మిల్లీమీటర్లు. అలుగుకు పక్కన ఉండే ఖాళీ చాలా కత్తుల్లో అంతకంటే పెద్ద ఎక్కువేమీ ఉండదు. ఒక కాగితం మందం తప్పు అలుగును తీసుకెళ్లి గోడకు ఆనిస్తుంది. లోపలి వాషరు ఒకటి అదనంగా వేస్తే సరిపోతుందని చాలామంది చెబుతారు. 0.2 మిల్లీమీటర్ల వాషరు వేస్తే అలుగు 0.2 జరుగుతుంది, 1.5 మిల్లీమీటర్ల వాలు వాలుగానే ఉంటుంది. మరీ చిన్న తేడాకే ఆ ఉపాయం పనికొస్తుంది.

ఇక తప్పు ఏ చోటిదో పట్టుకునే పరీక్ష. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు, కొంచెం ఓపిక చాలు. ముందుగా వాదర పొడవునా ఇన్సులేషన్ టేపు అంటించండి. తర్వాత తీసేటప్పుడు వెన్ను వైపు నుంచి ఊడదీసి వాదరకు అవతలికి లాగాలి, లేకపోతే వేలు తెగుతుంది. తర్వాత అలుగును పట్టుకుని పక్కలకు కదపండి. టకటకమని ఆడుతుంటే ముందు ఆ వదులు తీయాలి, వదులున్న కత్తి ఏ పరీక్షలోనూ నిజం చెప్పదు. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం కూడా ఈ వదులే. ఉక్కు దిమ్మ మీద ఒక వైపు తలను ఆనించి, చిన్న బాల్‌పీన్ సుత్తి గుండ్రటి ముఖంతో రెండో తల అంచు చుట్టూ తట్టాలి. కొట్టడం కాదు, తట్టడం. సుత్తి బరువే పని చేయాలి, చెయ్యి తోయకూడదు. మూడు తట్లు, తిప్పి మూడు తట్లు, కదిపి చూడటం. ఆట పోయి, అలుగు తన బరువుకు తాను పడిపోకుండా మెత్తగా తిరిగే చోట ఆగిపోవాలి.

వదులు తీశాక కూడా అలుగు పక్కకే ఉంటే, అది వాలిన వైపు రెక్కకు చిన్న తెల్ల టేపు ముక్క గుర్తుగా అంటించండి. మన కుర్రవాడి కత్తికైతే ఎడమ రెక్కకు. ఇప్పుడు అలుగును పూర్తిగా, పిడికి తిన్నగా వచ్చేదాకా తెరవండి. పైనుంచి వెన్ను వెంబడి చూస్తే మూడింటిలో ఒకటి కనిపిస్తుంది.

తెరిచినప్పుడు అలుగు టేపుకు ఎదురు వైపుకు వాలిందా? అయితే తప్పు సీల నిలబడిన తీరులో ఉంది. వాలిన ఇరుసు మీద తిరిగే వస్తువు ఒక దిక్కున ఎడమకు పోతే, సరిగ్గా ఎదుటి దిక్కున కుడికి పోయి తీరాలి. తెరిచినా మూసినా టేపు వైపుకే వాలుతోందా? అయితే ఇరుసు తిన్నగానే ఉంది, అలుగే వంగి ఉంది, లేదా మెడలోని రంధ్రమే ఏటవాలుగా పడింది. తెరిస్తే తిన్నగా ఉండి, మూస్తేనే పక్కకు పోతోందా? సీలా అలుగూ నిర్దోషులు. పిడి రెక్కలు వంగాయి, లేదా వెనక ముక్క సమంగా లేదు. రెండు తప్పులు కలిసి ఉన్న కత్తులూ ఉంటాయి, అప్పుడు రెండు వైపుల కొలతలూ సమానంగా రావు. కానీ ఏది పెద్ద తప్పో ఈ పరీక్షతో తెలిసిపోతుంది, ముందు దాన్ని తీస్తే చిన్నది తనంతట తాను బయటపడుతుంది.

మొదటి రకానికి మందు రంధ్రంలో ఉంది. ఎడ్లబండి ఇరుసు ఎడమ కొన వెనక్కి జరిగితే బండి ఎడమకే లాగుతుంది. మూసిన అలుగుకు 'ముందు' అంటే పిడి తోక, అదే వెనక కొన. కనుక అలుగు ఎడమకు వాలితే సీల ఎడమ కొనను తోక వైపుకు జరపాలి, లేదా కుడి కొనను అటునుంచి వెనక్కి లాగాలి. సీల తీసి, ఎడమ రెక్కలోని రంధ్రాన్ని సన్నని గుండ్రటి ఆకురాయితో తోక వైపుకు కాగితం మందమంత సాగదీస్తే చాలు. సాగిన రంధ్రంలో సీల ఆడకుండా దాని తల కింది వాషరు పట్టి ఉంచుతుంది. సీల తీయడానికి పైతలను ఆకురాయితో చదునుగా అరగదీసి, సన్నని పోటుతో (పంచ్‌తో) కిందికి తోయాలి. డ్రిల్‌తో తీయబోతే మొన జారి కొమ్ములోకి దిగుతుంది. కొత్త సీల వేసే ముందు 1.6 మిల్లీమీటర్ల సన్న స్క్రూ, నట్టుతో బిగించి చూసుకోవడం నా అలవాటు. స్క్రూను ఎన్నిసార్లయినా విప్పవచ్చు, తల కొట్టిన సీలను విప్పాలంటే పాడుచేయాల్సిందే.

రెండో రకం, అంటే అలుగే వంగి ఉండటం, గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వంచి సరిచేయాలని చూడకండి. మంచి క్షవరకత్తి ఉక్కు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 60 దగ్గర ఉంటుంది. 1740ల్లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ మూసల్లో కరిగించి తీసిన ఉక్కు నుంచి ఇప్పటి జర్మనీ జోలింగెన్ కత్తుల దాకా అందరూ కోరుకున్నది ఈ గట్టిదనాన్నే, సన్నని వాదర నిలవాలంటే అది ఉండాలి. ఆ గట్టిదనంతోపాటు పెళుసుదనమూ వస్తుంది. రెండు పక్కలా లోతుగా గుల్ల చేసి సానపట్టిన అలుగు చేతుల్లో గాజులా విరుగుతుంది. కాల్చి వంచితే విరగకపోవచ్చు, పదును నిలిపే గుణం మాత్రం పోతుంది, ఇంటి పనిముట్లతో అది మళ్లీ రాదు. కొద్ది వంపున్న అలుగుతో గడ్డం చక్కగా గీసుకోవచ్చు. సానరాయి మీద మడమ (అలుగుకు మెడ వైపు చివర) నుంచి కొనకు ఏటవాలుగా లాగడం నేర్చుకుంటే వాదర అంతా రాయికి తగులుతుంది. పిడినే అలుగుకు తగ్గట్టు కొంచెం వాల్చుకోవాలి, పైన చెప్పిన రంధ్రం ఉపాయంతోనే. చెప్పు కరిస్తే చెప్పును చెక్కుతాం కానీ కాలును చెక్కం కదా.

మన కుర్రవాడి కత్తి ఏ రకమో చూద్దాం. తెరిస్తే దారం పట్టినట్టు తిన్నగా ఉంది, మూస్తే ఎడమకు పోతోంది. మూడో రకం. పిడిని బల్ల అంచున ఉక్కు స్కేలుకు ఆనించి చూస్తే ఎడమ రెక్క నడుమ లోపలికి కుంగి ఉంది, స్కేలుకూ కొమ్ముకూ మధ్య వెలుగు విల్లులా కనిపించింది.

"ఈ కత్తిని ఎక్కడ పెడతారో అడిగావా?" అన్నాను.

"స్నానాలగదిలో, కిటికీ గట్టు మీద" అన్నాడు.

కారణం అక్కడే ఉంది. కొమ్ము అంటే మన గోళ్ల లాంటిదే, కెరటిన్. తడిని పీల్చి ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. రెండు ముఖాలూ ఒకేలా ఆరితే చిక్కు లేదు. ఒక ముఖం తడిగోడ వైపు, మరొకటి ఎండ వైపు ఉంటే ఆరిన వైపు ముడుచుకుని ముక్క వంగుతుంది. విశాఖలో సముద్రపు గాలి ఏడాది పొడవునా తేమను మోసుకొస్తూనే ఉంటుంది, స్నానాలగది తడి దానికి తోడైతే ఇక చెప్పేదేముంది. ఉక్కుకు తుప్పు పడుతుందని అందరూ జాగ్రత్త పడతారు, అదే తేమ పిడిని వంచుతుందన్నది తట్టదు.

కొమ్ము వంగే ఈ గుణాన్నే పనిగా మలచుకున్న ఊరు మనది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ దొరల కోసం విశాఖపట్నంలో దంతం పొదిగిన బల్లలు, కుర్చీలు, పెట్టెలు తయారయ్యేవి. ఆ తర్వాతి కాలంలో గేదె కొమ్ము, గంధపు చెక్క, ఏదుపంది ముళ్లు కలిపి చిన్న పెట్టెలు చేసేవారు. అలాంటి సామాను లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. వేడికి మెత్తబడిన కొమ్మును కావలసిన ఆకారానికి ఒత్తి, చల్లారేదాకా పట్టి ఉంచితే ఆ ఆకారంలోనే నిలుస్తుంది. పెట్టె మూతకు పనికొచ్చిన ఈ విద్యే కత్తి పిడికీ పనికొస్తుంది. షెఫీల్డ్ కత్తుల కొమ్ము పిడులనూ అచ్చుల్లో వేడిచేసి ఒత్తేవారు. సముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా చేతులు కనిపెట్టింది ఒకే సంగతి కావడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

సీలలు తీసి, ఎడమ రెక్కను మరిగించి దించిన నీళ్లలో వేసి కొద్ది నిమిషాలు ఉంచాను. గట్టి కొమ్ము తోలు పట్టీలా కొంచెం లొంగింది, తడిసిన గోరు వాసన వచ్చింది. రెండు చెక్క దిమ్మల మధ్య, నడుమ ఒక పక్కన రెండు మడతల గుడ్డ పెట్టి, వంపుకు ఎదురు దిశలో తిన్నదనాన్ని కాస్త దాటేలా వైస్‌లో బిగించాను. కొమ్ము కొంచెం వెనక్కి వస్తుంది కనుక ఆ దాటడం అవసరం. మర్నాటి సాయంత్రం దాకా విప్పలేదు. పూర్తిగా ఆరకముందే విప్పితే చేసిన పనంతా వృథా. విప్పాక రెండు ముఖాలకూ పలచగా నూనె రాశాను, తేమ రాకపోకలు దానివల్ల నెమ్మదిస్తాయి.

పిడి కొమ్ముది కాకపోతే ఇదే పద్ధతి గుడ్డిగా వాడకూడదు. పాత జర్మన్ కత్తుల్లో చాలావాటికి సెల్యులాయిడ్ పిడులుంటాయి. 1870 ప్రాంతంలో అమెరికాలో వాడుకలోకి వచ్చిన ఈ పదార్థం నైట్రోసెల్యులోజ్, కర్పూరం కలిపి చేసింది, నిప్పు తగిలితే భగ్గున మండుతుంది. లైటరు, స్టవ్వు, వేడిగాలి యంత్రం దగ్గరికి తేకండి. వేడి నీళ్లు చాలు. రుద్దితే కర్పూరం వాసన వస్తుంది, గుర్తుపట్టడం తేలిక. అది కుళ్లడం మొదలైతే వెలువడే ఆమ్లపు ఆవిరి అలుగును తుప్పు పట్టిస్తుంది, అలాంటి పిడిని సరిచేయడం మానేసి మార్చేయడమే దారి. బేకలైట్ అనే పాతకాలపు ప్లాస్టిక్ వేడికి లొంగదు, బలవంతపెడితే పగులుతుంది. దంతపు పిడిని నీళ్లలో ఉడికించవద్దు. దంతం వ్యాపారం మన దేశంలో నేరం కనుక కొత్తగా కొనే ఆలోచనే పెట్టుకోవద్దు.

వెనక ముక్కను కూడా చూశాను. పాత షెఫీల్డ్ కత్తుల్లో అది తరచు సీసంతో చేసి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ సీసం మీద తెల్లటి పొడి పేరుకుని, ముక్క ఉబ్బి, ఒక రెక్కను బయటికి నెడుతుంది. ఆ పొడి విషం. దాన్ని ఊదకూడదు, పొడిగా అరగదీయకూడదు, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఈ కత్తిలో ఉన్నది కొమ్ము ముక్కే, కానీ ఏటవాలు రెండు ముఖాలకూ సమంగా లేదు. అద్దం మీద నీటిలో వాడే సన్న ఉప్పుకాగితం పరిచి, లావుగా ఉన్న ముఖాన్ని పది సార్లు లాగి, కొలిచి, మళ్లీ ఆరు సార్లు లాగాను. ఇక్కడ తొందరపడితే ముక్క పలచనైపోయి పిడి నోరు మూసుకుంటుంది, అప్పుడు అలుగు రెండు వైపులా ఆనుతుంది.

ముందు స్క్రూలతో బిగించి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పెట్టాం. కుర్రవాడు ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు. రెండు గీతలూ కనిపించాయి, కుడిది వెంట్రుకవాసి లావు. "దాన్ని కూడా సరిచేద్దామా బాబాయ్?" అన్నాడు. వద్దన్నాను. కాగితం పట్టీ రెండు సందుల్లోనూ ఆగకుండా వెళ్తోంది, అంతకు మించి చేసే పని కంటికే తప్ప కత్తికి కాదు. ఇత్తడి సీలలు వేసి తలలు తట్టింది అతనే. మొదటి తట్టు గట్టిగా పడి వాషరు ఒక పక్కకు ఒరిగింది, ఆ సీల తీసి మళ్లీ వేయించాను.

పెద్దాయనకు చెప్పమని చెప్పింది రెండే. వాడాక అలుగునే కాక పిడి లోపలి ముఖాలను కూడా గుడ్డ దూర్చి తుడవాలి, కత్తిని స్నానాలగదిలో కాక గదిలోని బీరువాలో పెట్టాలి. పదిహేను రోజుల తర్వాత ఒకసారి చూపించమన్నాను, కొమ్ము పాత వంపుకు తిరిగి పోబోతే ఆ లోపలే తెలుస్తుంది. తెచ్చాడు. దారిలో వానకు తడిసిన చేతులు తుడుచుకుని, ముందు తనే కాగితం పట్టీ తీసి ఎడమ సందులో లాగి చూపించాడు.